ముడుచుకుపోయిన పగడాలు

మా ఆయన చాలాకాలం తర్వాత తనంతట తానుగా నోరు తెరిచి అడిగిన మాట, "ఇది మొక్కా, జంతువా?" అని. అడిగింది నన్ను కాదు, గుంటూరులో పళ్ళ డాక్టరు దగ్గర పేర్లు రాసుకునే అమ్మాయిని. నేను పన్ను పీకించుకుని, బుగ్గలో దూది పెట్టుకుని బయటికొచ్చేసరికి ఆయన గోడవారగా ఉన్న గాజు తొట్టి ముందు నిలబడి ఉన్నాడు. తొట్టిలో ఉప్పునీళ్ళు, రాళ్ళు. రాళ్ళ మీద వేళ్ళలాంటివీ గొడుగుల్లాంటివీ ఏవేవో మెల్లగా ఊగుతున్నాయి.

"కోరల్సండీ. పగడాలు. బతికున్నవి," అంది ఆ అమ్మాయి తలెత్తకుండా.

ఆయన నా వైపు తిరిగాడు. నేను పక్క ఊరి ప్రైవేటు బడిలో సైన్సు చెబుతాను కాబట్టి నాకు అన్నీ తెలుసని ఆయన నమ్మకం. బుగ్గలో దూది ఉందని సైగ చేసి తప్పించుకున్నాను. నిజానికి దూది లేకపోయినా సరిగ్గా చెప్పగలిగేదాన్ని కాదు.

ఆయన మాట ఎందుకు తగ్గిందో చెప్పాలి. మాది పిడుగురాళ్ల వైపు పల్లె. మిరప, పత్తి వేస్తాం. నల్ల తామర పురుగు వచ్చిన ఏడు మా మిరప నిండు పూత మీద ఉంది. పురుగు పూలలో దూరింది. ఆయన కొట్టని మందు లేదు. దుకాణం వాళ్ళు ఏది చెబితే అది, పక్క చేను వాళ్ళు ఏది కొడితే అది. చివరికి పూతంతా రాలిపోయింది. చెట్లు మాత్రం ఏపుగా, పచ్చగా నిలబడ్డాయి, కాయ లేదు. దున్నించేశాడు. ట్రాక్టరు తిరుగుతున్నంతసేపూ గట్టు మీద కూర్చుని చూసి, ఇంటికొచ్చి స్నానం చేసి పడుకున్నాడు. అప్పట్నుంచి అడిగినదానికి జవాబు తప్ప మాట లేదు.

నాకు భయం పట్టుకుంది. ఏం భయమో మా వైపు ఆడవాళ్ళకి విడమరచి చెప్పనక్కర్లేదు. పురుగుమందులుండే కొట్టుగదికి తాళం వేసి, చెవి నా పుస్తెలతాడుకి ఉన్న పిన్నీసుకి తగిలించుకున్నాను. మందు కావాలంటే నేనే తీసిచ్చేదాన్ని. ఎందుకిలా చేస్తున్నావని ఆయన అడగలేదు. అడిగి తిట్టినా బాగుండేది. అడగకపోయేసరికి నా భయం ఇంకా పెరిగింది.

అలాంటి మనిషి ఆ తొట్టి ముందు నిలబడి ప్రశ్న వేశాడు. బస్సులో పిడుగురాళ్ల వచ్చేదాకా దాని గురించే మాట్లాడాడు. అది మొక్క అయితే నాకేం, జంతువైతే నాకేం, ఆయన మాట్లాడుతున్నాడు. దాన్ని ఎలాగైనా ఇంటికి తెచ్చెయ్యాలని ఆ బస్సులోనే అనుకున్నాను.

నా చీటీ డబ్బులతో తొట్టి తెచ్చాక మొదలైంది అసలు గందరగోళం. మా నేలంతా సున్నపురాయి. బోరు నీళ్ళు కాస్తే గిన్నె అడుగున తెల్లగా పెచ్చు కడుతుంది. ఆ నీళ్ళు పనికిరావని వాటర్ ప్లాంటు నుంచి టిన్నులు తెప్పించాడు. ఆ నీళ్ళలో కలిపే ఉప్పు వేరే, బకెట్లో వస్తుంది. మా అత్తయ్యకి ఇదంతా మింగుడు పడలేదు.

"చినగంజాం ఉప్పుకేం రోగంరా? బస్తా తెస్తే ఏడాది వచ్చుద్ది."

"అది కూరలోకమ్మా. దీనికి సముద్రంలో ఉండేవన్నీ ఉండాల."

"మనం తాగేది బోరు నీళ్ళు. ఆ పురుగులకి టిన్ను నీళ్ళా? బానే ఉంది మర్యాద."

ఫోన్లో బొమ్మలు చూసిన అత్తయ్య దృష్టిలో అవి పురుగులు. నాలుగేళ్ళ మా పాప దృష్టిలో పూలు. నాకు పాఠం ప్రకారం జంతువులు. ఆయన ఇంకా తేల్చుకోలేదు. కరెంటు పోతే నీళ్ళు కదలవని ఇన్వర్టరు ముందు తొట్టికి కలిపించాడు, మా గదిలో ఫ్యాను తర్వాత. ఎండలకి నీళ్ళు వేడెక్కకూడదని ముందుగదిలో ఏసీ పెట్టించాం. పాపకి చెమటకాయలు వస్తున్నాయని అత్తయ్యకి చెప్పాం. ఆవిడ నమ్మినట్టే ఉండి, మంచం తెచ్చి ఆ గదిలోనే వేసుకుంది.

కొన్ని వారాలు తొట్టిలో రాళ్ళ మధ్య ఒట్టి నీళ్ళే తిరిగాయి. "నేల మగ్గాలిగా," అన్నాడు. ఆ వారాల్లో నేను ఫోన్లో చదువుకుని, ఆయన ప్రశ్నకి జవాబు తయారుచేసుకున్నాను.

"ఇది జంతువే. కానీ దీని ఒంట్లో కంటికి కనపడని నాచు కాపురముంటుంది. అది వెలుతురుతో తిండి తయారుచేసి దీనికి పెడుతుంది," అన్నాను.

"అంటే పొలం దీనిది, కౌలు దానిది," అన్నాడు.

"అలాంటిదే."

"ఎండలెక్కువైతేనో?"

"నాచు వెళ్ళిపోతుంది. ఇది తెల్లబడి, ఎక్కువకాలం బతకదు."

"కౌల్దారు పోతే ఆసామి చచ్చేది ఇక్కడొక్కచోటే చూస్తన్నా," అని నవ్వాడు. ఆ నవ్వు విని అత్తయ్య వంటింట్లోంచి గరిటె పట్టుకుని మరీ వచ్చి చూసింది.

పగడాలు అమ్మే అతను చెన్నైలో ఉంటాడు, తెలుగువాడే. వీడియో కాల్లో చూపిస్తాడు. రాయి కట్టే గట్టి రకాలు అమ్మడానికి మన దేశంలో చట్టం ఒప్పదనీ, మెత్తరకాలు, అవీ తొట్లలో పెంచి ముక్కలు కోసినవి మాత్రమే అమ్ముతాననీ మొదటే చెప్పాడు. నీలం లైటు కింద అన్నీ ధగధగా వెలిగిపోతున్నాయి. నేను ఒక ఆకుపచ్చదానికి మనసు పారేసుకున్నాను. ఆయన ఫోను నా చేతిలోంచి తీసుకున్నాడు.

"ఆ నీలం లైటు ఆపి మామూలు లైటెయ్యండి."

"అందరూ దీంట్లోనే చూస్తారు సార్."

"మిర్చి యార్డులో పైన మంచి కాయ పేర్చిన టిక్కీలు చాలా చూశాంలెండి. తెల్లలైటెయ్యండి."

టిక్కీ అంటే మా వైపు మిర్చి బస్తా. తెల్లలైటు వేసేసరికి నా ఆకుపచ్చ పిల్ల వెలవెలబోయింది. "ఇప్పుడు వెనక్కి తిప్పండి. అడుగు చూపించండి," అన్నాడు. ముక్క రాయిని గట్టిగా పట్టుకుందో, నిన్ననో మొన్ననో అతికించి పెట్టారో చూడాలట. నర్సరీలో నారు కొనేటప్పుడు వేరు చూడకుండా కొనే మనిషి కాదు మరి. అమ్మేవాడు విసుక్కుంటూనే ఒక్కొక్కటీ తిప్పి చూపించాడు. చివరికి ఆయన ఏరిన వాటిలో మొదటిది నానబెట్టిన చింతపండు రంగులో ఉన్న వేళ్ళ రకం. "ఇంత మొద్దుగా ఉంది, ఇదెందుకు?" అన్నాను. "రంగు చూసి మోసపోమాక. గోధుమరంగుంటేనే లోపల కౌల్దారు ఉన్నట్టు," అన్నాడు. నేను చెప్పిన పాఠం నాకే అప్పజెప్పాడు. రెండోది పుట్టగొడుగు రకం. మూడోది చిన్న చిన్న చేతుల గుత్తి. ఆ చేతులు గుప్పిట తెరిచి మూసినట్టు ఎప్పుడూ కొట్టుకుంటూ ఉంటాయి. వాటితోపాటు నారింజరంగు మీద తెల్లచారల చేపలు రెండు, శంఖాల్లో ఉండే బుల్లి పీతలు, ఎర్రచారల రొయ్య ఒకటి బస్సు పార్సిల్లో థర్మోకోల్ పెట్టెలో వచ్చాయి.

ఆ ఎండాకాలం మా ఇల్లు ఇల్లులా ఉంది. పాప తొట్టి ముందు కూర్చుని, ఆ గుత్తితో పోటీపడి గుప్పిట తెరుస్తూ మూస్తూ ఉండేది. ఆయన సాయంత్రం స్నానం చేసి వచ్చి మోచేతిదాకా చెయ్యి నీళ్ళలో పెట్టేవాడు. రాయి సర్దడం, గాజుకి పట్టిన నాచు తుడవడం. ఆ చెయ్యి కనపడగానే రొయ్య రాతి సందులోంచి వచ్చి ఎక్కేది. గోళ్ళ చివర్లు ఒక్కొక్కటే గోకి శుభ్రం చేసేది. పెద్ద చేపలకి అలా చేయడం దాని వృత్తట. మా ఆయన చెయ్యి కదపకుండా, ఊపిరి బిగబట్టి నిలబడేవాడు. "ఏమే, ఇటు రా, నాకు మంగలి దొరికాడు," అని పిలిచేవాడు. అలా పిలిచిన ప్రతిసారీ నేను చేస్తున్న పని వదిలేసి వెళ్ళేదాన్ని. ఆయన బతుకు మీద నాకున్న బెంగంతా ఆ తొట్టి మీద పెట్టేసి నిశ్చింతగా ఉన్నాను. అది బాగుంటే ఆయన బాగుంటాడు, అంతే నాకు తెలిసిన లెక్క.

వానలు పడ్డాయి. పత్తి పెట్టారు, తర్వాత మిరప నారు నాటారు. ఒకరోజు బడినుంచి వచ్చేసరికి రొయ్య వెల్లకిలా పడి ఉంది. వయసైపోయిందేమో అనుకున్నాం. ఇంకో రొయ్యని తెప్పిస్తే అదీ పోయింది. పీతలు శంఖాల్లోంచి జారి బయటపడ్డాయి. ఆ తర్వాత వేళ్ళ రకం ముడుచుకుంది. పుట్టగొడుగు కుంచించుకుపోయింది. కొట్టుకునే చేతులు ఆగిపోయాయి. చేపలు మాత్రం శుభ్రంగా తిని తిరుగుతున్నాయి. నీళ్ళలో దోషముంటే ముందు చేపలు చావాలి కదా, మరి ఇవెందుకు హాయిగా ఉన్నాయో ఎంత ఆలోచించినా నాకు తట్టలేదు.

నీళ్ళు పరీక్ష చేసే చుక్కల మందులన్నీ వేసి చూశాం. అన్నీ ఉండాల్సిన రంగులోనే ఉన్నాయి. చెన్నై అతన్ని అడిగితే వెలుతురు తగ్గించమన్నాడు. ఫోన్లో ఇలాంటి తొట్లవాళ్ళ గ్రూపొకటి ఉంది, వాళ్ళని అడిగితే ఒకరు వెలుతురు పెంచమన్నారు. ఒకరు నీళ్ళ వడి ఎక్కువైందన్నారు, ఇంకొకరు చాల్లేదన్నారు. మేతెయ్యమని ఒకరు, మేత మానమని ఒకరు. మేం అందరి మాటా విన్నాం. పొద్దున పెంచి సాయంత్రం తగ్గించాం. అత్తయ్య దిష్టి తీసి ఎండుమిరపకాయలు పొయ్యిలో వేసింది, ఇంటిల్లిపాదీ దగ్గలేక చచ్చాం. ఒక్కోరోజు పొద్దున్నే కాస్త తెరుచుకునేవి, సాయంత్రం ఆయన తొట్టి సర్దాక మళ్ళీ ముడుచుకునేవి. ఆయన ఎంత ఎక్కువ శ్రద్ధగా చూస్తే అవి అంత ఎక్కువ ముడుచుకున్నాయి. కుడితిలో పడ్డ ఎలకలా అయింది మా పని.

ఆయన మళ్ళీ మాట తగ్గించాడు. "ఇదీ పూత రాలినట్టే," అన్నాడు ఒకరోజు అన్నం ముందు కూర్చుని. ఆ మాట నన్ను వదల్లేదు. బడిలో పాఠం చెబుతూ మధ్యలో ఆగిపోయేదాన్ని. పిల్లలు "టీచర్, తర్వాత?" అని అడిగేవాళ్ళు.

అప్పుడే పొదిలిలో మా ఆడపడుచు భర్త బండి మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. వాళ్ళ కంది చేను పనులు చూడ్డానికి ఆయన వెళ్ళాల్సి వచ్చింది. ఫోన్లో చెబుతూ నాచేత తొట్టి పనులు చేయించాడు. నీళ్ళు కొంచెం మార్చాను, నీళ్ళని వడకట్టే బొగ్గు సంచి మార్చాను, అంతకుమించి ఏమీ చెయ్యలేదు. రోజులు గడిచేకొద్దీ ఒక్కొక్కటే విప్పుకోవడం మొదలుపెట్టాయి. ఒక మధ్యాహ్నం పాప అరిచిన అరుపుకి పరుగెత్తి వెళ్తే, గుత్తిలో చేతులు మళ్ళీ కొట్టుకుంటున్నాయి.

సంతోషంతో ఫోను తీశాను. నంబరు నొక్కబోయి ఆగిపోయాను. ఏమని చెప్పను? మీరు లేరు కాబట్టి బాగున్నాయి అనా? ఉన్నన్నాళ్ళూ చంటిబిడ్డని చూసినట్టు చూసిన మనిషి ఇల్లు వదలగానే ఇవి కళకళలాడుతున్నాయి. ఇంతకంటే అన్యాయం ఉంటుందా? వాటి మీద కోపం కూడా వచ్చింది. చివరికి "కాస్త నయం" అని మాత్రమే చెప్పాను.

ఆయన తిరిగొచ్చాడు. గుమ్మంలోంచే తొట్టి చూసి మొహం విప్పారింది. ఆ సాయంత్రమే చెయ్యి పెట్టాడు. నేను పక్కనే నిలబడి చూస్తున్నాను. ఏమీ కాలేదు. మర్నాడూ ఏమీ కాలేదు. అయితే ఆయన వల్ల కాదన్నమాట, పిచ్చిదాన్ని, ఏవేవో ఊహించుకున్నాను అని నన్ను నేనే తిట్టుకున్నాను. ఆ తర్వాత ఒక ఉదయం కొట్టుగది తీసి మిరపకి మందు తీసిచ్చాను. సాయంత్రం ఆయన స్నానం చేసి వచ్చి తొట్టి సర్దాడు. తెల్లారేసరికి అన్నీ ముడుచుకుని ఉన్నాయి.

అది ఆదివారం, బడి లేదు. మధ్యాహ్నం అన్నం క్యారేజీ నేనే పట్టుకుని చేలోకి వెళ్ళాను. మిగిలిన సగం చేనుకి మందు కొట్టే పనిలో ఉన్నాడు. గట్టు మీద నీళ్ళ డ్రమ్ము. అందులో మందు పోసి, చొక్కా చెయ్యి పైకి మడిచి, మోచేతిదాకా ముంచి గిరగిరా కలుపుతున్నాడు. నీళ్ళు పాలలా తెల్లబడ్డాయి. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఎన్నోసార్లు చూసిన దృశ్యం. మా ఊళ్ళో అందరూ అలాగే కలుపుతారు. నేను క్యారేజీ పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. తొట్టిలో పెట్టేదీ మోచేతిదాకానే. అదే చెయ్యి.

"కర్రతో కలపచ్చుగా?" అన్నాను.

"కర్రతో అయితే అడుగున ఉండిపోద్ది. చెయ్యైతే తెలుసుద్ది," అన్నాడు. ఆ చెయ్యే పక్కనున్న బకెట్లో ముంచి తీసి, లుంగీకి తుడుచుకుని క్యారేజీ అందుకోబోయాడు. సబ్బు తేలేదు నేను. మళ్ళీ మళ్ళీ కడగమంటే వింతగా చూశాడు.

పురుగూ రొయ్యా పీతా ఒకే వర్గంవాళ్ళని పిల్లలకి బోర్డు మీద బొమ్మలేసి చెప్పేది నేనే. పురుగుని చంపేది రొయ్యని చంపదా? చేపకి ఆ మందు అంతగా పట్టలేదు, అందుకే తిరుగుతోంది; పగడాలు తట్టుకోలేక ముడుచుకుంటున్నాయి. పాపం ఆ రొయ్య గోళ్ళ సందుల్లో ఏరుకుని తిన్నదేమిటో ఇప్పుడు అర్థమైంది. సబ్బుతో రుద్ది స్నానం చేసి వచ్చే చేతులవి. నా కళ్ళముందే రుద్దుకునేవాడు, అయినా పోలేదు. నేనేమో సీసాలకి తాళం వేసి, తాళంచెవి మెడలో వేసుకుని కాపలా కాస్తున్నాననుకున్నాను. ఆ మందు రోజూ ఆయన ఒంటి మీదే ఇంట్లోకి వస్తోంది. ఎన్నేళ్ళనుంచో.

చెప్పాలా వద్దా అన్నది మాత్రం తేలలేదు. చెప్పకపోతే పగడాలు చస్తాయి, ఆయన మళ్ళీ గోడవైపు తిరిగి పడుకుంటాడు. చెబితే, నీ చేతులే చంపుతున్నాయి అని చెప్పినట్టు. పూత రాలితే పురుగుని తిట్టుకున్నాడు, దీనికి ఎవర్ని తిట్టుకుంటాడు? దుకాణంలో చేతులకి వేసుకునే రబ్బరు తొడుగులు కొని, తొట్టి పక్కన పెట్టి, గ్రూపులో ఎవరో చెప్పారని అబద్ధమాడదామా అనుకున్నాను. తొట్టికి తొడుగు సరే, ఆయనకి? మూడు రోజులు ఇలాగే తిరిగాను. కూరలో ఉప్పు రెండుసార్లు వేసి అత్తయ్యచేత మాటలు పడ్డాను.

చివరికి సాయంత్రం ఆయన చెయ్యి నీళ్ళలో పెట్టబోతుంటే మణికట్టు పట్టుకుని ఆపేశాను. ఎలా చెప్పానో నాకే తెలియదు. పొదిలి రోజులూ, డ్రమ్మూ, రొయ్యా, చేపా అన్నీ కలగాపులగంగా చెప్పేశాను. చెబుతూ ఏడ్చాను కూడా. ఆయన చేతులు రెండూ తిప్పి తిప్పి చూసుకున్నాడు. తర్వాత దొడ్లోకి వెళ్ళాడు. చాలాసేపు పంపు కింద నీళ్ళ చప్పుడు వినపడింది. నేను గుమ్మంలోనే నిలబడి ఆ చప్పుడు ఆగకూడదని కోరుకున్నాను. ఎందుకలా కోరుకున్నానో ఇప్పటికీ చెప్పలేను.

అన్నాలవేళకి వచ్చి కూర్చున్నాడు. పప్పూ నెయ్యీ వేశాను. పాప అలవాటుగా వెళ్ళి తండ్రి ఒళ్ళో ఎక్కింది. దానికి ముద్దలు ఆయన కలిపి పెట్టాలి, నేను పెడితే తినదు. ఆయన కలిపాడు. ముద్ద చేశాడు. పాప నోరు తెరిచింది. ముద్ద దాని నోటిదాకా వెళ్ళి ఆగిపోయింది. ఆయన దాన్ని ఒకసారి చూసి, వెనక్కి తీసుకుని, తన నోట్లో పెట్టుకున్నాడు.

పాప గొడవ మొదలుపెట్టింది. అత్తయ్య, "పిల్లని ఏడిపిస్తావేందిరా," అని కసిరింది. ఆయన పాపని ఎత్తి నా ఒళ్ళో కూర్చోబెట్టాడు.

"దీనికి ఇక నువ్వే పెట్టు," అన్నాడు.

పాప ఏడుస్తూనే ఉంది. ఆయన మాత్రం అదే కంచంలో, అదే చేత్తో, మిగిలిన అన్నం కలుపుకుంటున్నాడు.

"మరి మీరు?" అన్నాను.

"నాకేం, అలవాటేగా," అన్నాడు.